వరుసలో నా ముందు

మా సండే స్కూల్ టీచరమ్మగారు ఒక్క వాక్యం చదివి ఎన్నడూ ఆగేవారు కాదు. వేలిని పేజీ పైకి జరిపి, "దేవుడు ఈ మాట ముందు ఎవరితో అన్నాడో చూద్దాం" అనేవారు.

ఒక ఏడు కొత్త సంవత్సరం ఆరాధనలో అమ్మ తీసిన వాగ్దానం కార్డులో, ఆ ఏడాదికి దేవుడిచ్చే మాటగా, స్వస్థత ఇస్తానన్న బైబిలు వాక్యం వచ్చింది. ఇంకేముంది, షుగర్ మాత్రలు మానేసింది. సంగతి తెలిసి టీచరమ్మగారు ప్రత్తిపాడు దగ్గర మా మిరప కళ్ళంలోకే వచ్చేశారు. ఆరబోసిన కాయల మధ్య ఆవిడ తెల్లచీర కూడా గులాబీరంగులో కనిపించింది. తుమ్ముతూనే బైబిలు తెరిచి, ఆ వాక్యానికి చాలా పైనుంచి చదివారు. అది ఊరు పోగొట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన జనంతో అన్న మాట.

"అయితే నాకు కాదాండీ?" అంది అమ్మ.

"నీకు కూడానమ్మా. కాకపోతే వరుసలో వాళ్ళ వెనకాల నిలబడాలి. నిలబడటానికి ఓపిక కావాలిగా, మాత్ర వేసుకో."

అమ్మ నవ్వేసి నీళ్ళు తెమ్మంది.

టీచరమ్మగారు ఇప్పుడు లేరు. అయినా జనవరిలో కార్డు తీసినప్పుడల్లా నా ముందు పెద్ద వరుస మెల్లగా కదులుతున్నట్టు ఉంటుంది. అందరికంటే చివర, నాకు సరిగ్గా ముందు, మిరప ఘాటుకి తుమ్ముతూ ఆవిడ.