నీళ్లు పోసి చూసే మనిషి

ఎర్రగుంట్లలో నాపబండల వ్యాపారం చేసేవాళ్లందరికీ తిరుపతమ్మ సంగతి తెలుసు. క్వారీ నుంచి లోడు దిగితే చాలు, చెంబుతో ఒక్కో బండ మీదా నీళ్లు పోసి, ఆరేదాకా పక్కనే నిలబడుతుంది. బండలో నెర్రె ఉంటే చుట్టూ ఆరిపోయినా ఆ పగులు వెంట తడి గీత నిలుస్తుంది. గీత కనబడిందా, లోడు తెచ్చినవాడు ఎంత దగ్గరి చుట్టమైనా ఆ బండ వెనక్కి పోవాల్సిందే. మనుషుల్ని కూడా ఆమె అట్లాగే చూస్తుంది. కాకపోతే మనుషుల దగ్గర ఆరేదాకా ఆగే ఓపిక లేదు.

మొదట్నుంచీ ఇట్లా ఉండేది కాదు. మొగుడు పోయి, పాలిష్ మిషన్లు తనే చూసుకుంటున్న కొత్తలో ఎవడో ఫోన్ చేశాడు. కరెంటు ఆఫీసు వాణ్నన్నాడు, సాయంత్రానికల్లా కనెక్షన్ పీకేస్తామని బెదిరించాడు. మిషన్లు ఆగిపోతాయన్న భయంతో వాడు నొక్కమన్నదల్లా నొక్కింది. బ్యాంకులో ఉన్నది ఊడ్చుకుపోయింది. ఆనాటి నుంచి పేరు పడని ఫోన్ ఏదీ ఎత్తదు. బొటనవేలు దానంతటదే పోయి కట్ చేస్తుంది. పాముకాటు తిన్నవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు మరి.

అలాంటి మనిషి వెబ్‌సైటు పెట్టించుకోవడమే వింత. బేరాలు పడిపోయి, ఒక మిషన్ ఆపేసి దాని మీద టార్పాలిన్ పట్టా కప్పేయాల్సి వచ్చాక, చర్చి వీధి దీవెన మాటకు తలూపింది. దీవెన ఊళ్లో అంగళ్లకు వెబ్‌సైట్లు చేసి పెడుతుంది. నెలనెలా వాటిలో ఫొటోలు, ధరలు మారుస్తుంది. ఇల్లు గడిచేది ఆ పని మీదే.

"పెద్దమ్మా, బండల మింద రోంత నీళ్లు చల్లి ఫొటో తీస్తా. నల్లగా మెరుస్తాయి," అంది దీవెన మొదటి రోజు.

"ఆరినాక రంగు చూసి కొన్నోడు నన్ను తిట్టుకోవల్లనా? ఉండేది ఉండేట్టు తియ్యి."

"సరే, అడ్రసన్నా పెడదామా?"

"దొంగోళ్లకు దావ చూపిస్తావా పాపా? ఊరి పేరు, నా ఫోన్ నెంబరు చాలు."

సైటు తయారైంది. నెలలు గడిచినా ఒక్క బేరం రాలేదు. రోడ్డు మొగదల ఉన్న గోపన్న బండల యార్డులో మాత్రం కర్ణాటక లారీలు వరసగా లోడవుతున్నాయి. దానికితోడు ఒకనాడు దీవెన అదే యార్డులో కూర్చుని టీ తాగుతూ కనబడింది. పాపం, మీకూ ఒక సైటు చేయనా అని అడగడానికి పోయింది ఆ పిల్ల. తిరుపతమ్మ అనుమానానికి ఆ ఒక్క గ్లాసు టీ చాలు. తన నెంబరు తీసేసి గోపన్న నెంబరు పెట్టిందని తేల్చేసింది.

"నువ్వే చూస్కో పెద్దమ్మా, నీ నెంబరే ఉండాది," అని దీవెన ఫోన్ చూపించబోయింది.

"నాకు చూపించేది ఒకటి, లోకానికి చూపించేది ఒకటి!"

ఇక ఆ మాటకు మందేముంది? అంతటితో ఆగినా బాగుండేది. బజారులో ప్రకాశం బట్టల అంగడి మెట్ల మీద నిలబడి, పదిమందీ వినేలా చెప్పింది. "ఆ పిల్లను నమ్మాకప్పా. నా బేరాలన్నీ గోపన్నకు అమ్ముకుంటాంది. నిప్పు లేందే పొగ రాదు." ప్రకాశం ఆ వారమే దీవెనతో చేయించుకుంటున్న సైటు పని మాన్పించాడు. అతన్ని చూసి మరో ఇద్దరు మాన్పించారు. దీవెన యార్డుకు వచ్చి, "నా నోటికాడి కూడు తీస్తివి గదా పెద్దమ్మా," అని ఏడ్చి వెళ్లింది. దొంగ ఏడుపులే అనుకుంది తిరుపతమ్మ.

తర్వాత కొన్నాళ్లకు, గోపన్న యార్డు ముందు బళ్లారి లారీ ఆగింది. అటుగా పోతున్న తిరుపతమ్మకు లారీ వెంట వచ్చిన కాంట్రాక్టరు ఫోన్‌లో తన సైటులోని బండలే కనబడ్డాయి. నీళ్లు చల్లకుండా తీసిన ఆ బూడిదరంగు బండల్ని ఆమె పోల్చుకోకుండా ఉంటుందా?

"దొరికినారు! నా బండలు చూపించి నీ కాడికి పంపిస్తాంది గదప్పా గోపన్నా, ఆ పిల్ల!"

గోపన్న నోరు తెరిచేలోపే కాంట్రాక్టరు తలెత్తాడు. "ఇవి నీ బండలామ్మా? నీళ్లు చల్లకుండా ఫొటో పెట్టినోళ్లు మోసం చెయ్యరని నమ్మి వచ్చినా. ఎన్నిమాట్లు చేసినా ఫోన్ కట్ చేస్తాండారు. అడ్రసు లేదు. ఊర్లోకొస్తే ముందు ఈ యార్డే కనపడింది."

"అబద్ధం! దాంట్లో ఉండేది నా నెంబరే కాదు."

ఆయన వాదించలేదు. ఫొటోల కింద ఉన్న నెంబరు నొక్కాడు. తిరుపతమ్మ చేతిలో ఫోన్ మోగింది. పేరు లేని నెంబరు. అందరూ చూస్తుండగానే ఆమె బొటనవేలు పోయి కట్ చేసింది.

గోపన్న కూడా నవ్వలేదు. తిరుపతమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తన వేలితో తనే తరిమేసిన బేరాలు ఒక ఎత్తు, ఏడుస్తూ వెళ్లిన ఆ పిల్ల ముఖం ఒక ఎత్తు. అక్కడే నిలబడి దీవెనకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఒక్క మోతకే కట్టయింది.

నేరుగా ప్రకాశం అంగడికి పోయింది. ఆ రోజు అరిచినంత గట్టిగానే చెప్పింది. "తప్పు నాదే ప్రకాశమూ. ఆ పాప ఏ నెంబరూ మార్చలే. నేనే ఫోన్లు కట్ చేసుకుంటి. పని మళ్లా ఆ పాపకే ఇయ్యప్పా."

ప్రకాశం పంచె మడత పెడుతూ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏమిచ్చి చెప్పిస్తాంది నీతో?"

"ఏమిస్తాది? నా ఫోనే ఎత్తడంలే!"

"ఏమో పెద్దమ్మా. నిప్పు లేందే పొగ రాదని నువ్వే అంటివి గదా, ఈడే నిలబడి."

తిరుపతమ్మ కాళ్ల కిందికి చూసుకుంది. ఆ రోజు నిలబడిన మెట్టు మీదే నిలబడి ఉంది.