ప్రొఫెసర్ పేరు పక్కన రాసుకున్న మాట

నిరుడు పీహెచ్‌డీ చివర్లో పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం వెతుక్కుంటూ, నేను మెయిల్ పెట్టిన ప్రొఫెసర్ల పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాను. ఇక్కడ అమెరికాలో ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధైర్యంతో, ఒక్కో పేరు పక్కన నా అభిప్రాయం తెలుగులో పెట్టాను.

ఎట్టకేలకు ఒకాయన జూమ్‌లో ఇంటర్వ్యూకి పిలిచారు. ఆయనతో పాటు ల్యాబ్ వాళ్లు ఆరుగురు వింటున్నారు. స్లైడ్స్ చూపించబోయి, కంగారులో ఆ షీట్ షేర్ చేశాను.

"నా పేరు పక్కన ఏం రాశారు?" అన్నారాయన.

గొప్ప సైంటిస్ట్ అని రాశానని చెప్పేద్దామనుకున్నాను. అంతలో స్క్రీన్ మూల గడిలో శ్రీలాస్య అన్న పేరు కనబడింది. తెలుగమ్మాయే, చదివేసే ఉంటుంది. ఇక దాచలేక ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పేశాను: "మూడు మెయిల్స్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఈయన్ని నమ్ముకుంటే అంతే సంగతులు."

ఆయన పడీ పడీ నవ్వారు. "నిజమే, మొదటి రెండూ తెరవనే లేదు. డేటా దాచని మనిషే నాకు కావాలి" అన్నారు. వారంలో ఆఫర్ లెటర్ వచ్చింది. నోవైలో మా అపార్ట్‌మెంట్ కింద వాళ్లు ఫిర్యాదు చేసేదాకా గంతులేశాను.

చేరిన రోజే శ్రీలాస్యని వెతుక్కుంటూ వెళ్లి, "ఆ రోజు నువ్వు లేకపోతే అబద్ధం చెప్పేసేదాన్ని" అన్నాను.

ఇక్కడే పుట్టి పెరిగిన ఆ అమ్మాయి తెల్లబోయి చూసింది. "అక్కా, నాకు తెలుగు చదవడం రాదు."

ఇప్పుడు రోజూ లంచ్‌లో తనకి అక్షరాలు దిద్దిస్తున్నాను. ఆ షీట్ మొత్తం చదివేదాకా నన్ను వదలనంటోంది.

– మాధవి, నోవై