చిల్లపెంకు మీద పేరు

ఇవాళ మధ్యాహ్నం కునుకు పడుతున్న వేళ ఫోను మోగింది. నాగర్‌కర్నూలులోని మా రిటైరయిన టీచర్ల వాట్సప్ గ్రూపులో, ప్రతిదానికీ అడ్డం మాట్లాడే ఒక పాత సహోద్యోగిని తీసేద్దామా వద్దా అని ఎవరో ఓటింగు పెట్టారు. ‘తీసేయాలి’ అన్నదాని పక్కన అంకె చూస్తుండగానే పెరుగుతోంది. నొక్కబోయిన నా వేలు ఎందుకో ఆగింది. కిటికీలోంచి వచ్చే వేడిగాలిలో ఎక్కడో మగ్గం ఆడుతున్నట్టనిపించి, మనసు నేను మొదట పనిచేసిన నేతగాళ్ళ ఊరు అమరచింతకు వెళ్ళిపోయింది.

కొత్త ఉద్యోగంలో ఉండే ఉబలాటం మీకూ తెలిసిందే. గద్వాల నుంచి వచ్చి అక్కడ చిన్న గది తీసుకున్న నేను, సోషల్ చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు నేనే బిరుదిచ్చుకున్నాను. ఒకనాడు ఎనిమిదో తరగతికి ప్రాచీన గ్రీకుల సంగతి చెబుతూ, ఏథెన్సులో ఎవరైనా మరీ బలిసిపోయి ప్రజల నెత్తినెక్కుతాడని భయం వేస్తే, జనమంతా కుండపెంకుల మీద అతని పేరు గీకి పదేళ్ళు ఊరు దాటించేవారని, పుస్తకంలోని పెద్దమాట ఎందుకులే అని దాన్ని ‘వెలివేయడం’ అని చెప్పాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కుమ్మరుల ఇళ్ళ వెనక కుప్పలోంచి తలా ఒక చిల్లపెంకు తెమ్మని, మన తరగతిలో ఎవరిని పంపుదామో గీకండని ఆట పెట్టాను. మగ్గాల చప్పుడు వింటూ, తలలు వంచి పెంకులు గీకుతున్న పిల్లల మధ్య నేను నిజంగానే ఏథెన్సులో తిరుగుతున్నట్టు మురిసిపోయాను.

పెంకులు తిప్పి చూస్తే సగానికి పైగా ఒకే పేరు. క్లాసులీడరుగా అల్లరి చేసినవాళ్ళ పేర్లు నాకు చెప్పే పిల్లది. ఏటా తల్లిదండ్రులు వలస కూలికి పోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునేది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

మూడోనాడు ఆ పిల్ల అవ్వ వచ్చి తరగతి గడప బయటే నిలబడింది. “మా పిల్లను వెలేసిండ్రంట గదా టీచరమ్మా, ఏం తప్పు జేసింది?” అంది. నేను కంగారుపడి, అది ఆట అవ్వా, గ్రీకుల పద్ధతి, ఊరు దాటినవాడి ఇల్లూ పొలమూ అతనివే, పదేళ్ళకు మర్యాదగా తిరిగొస్తాడని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆమె నిదానంగా విని, “పదేండ్లకా? జర నయమే. కొల్లాపురం దిక్కు ఊర్ల మమ్ముల వెలేసినోళ్లు ఎన్నేండ్లకో చెప్పలే,” అంది. ఊరిపెద్దలకు ఎదురు చెప్పినందుకు బావి, దుకాణం బందుపెడితే పసిబిడ్డతో ఇల్లు విడిచిందట. ‘వెలి’ అన్న మాట వాళ్ళింట్లో ఎంత గాయమో నాకు అప్పటిదాకా తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంటికి వెళ్ళి బతిమాలి పిల్లను తీసుకొచ్చాను. అదే గ్రీకులు పదవులకు చీట్లు తీసేవారని చెప్పి, వారానికొకరిని చీటీతో లీడరు చేశాను. తమంతట తాము ముందుకు రాని పిల్లలు కూడా ఆ వారమంతా బోర్డు ఎంత శుభ్రంగా తుడిచేవారో! ఆ పిల్ల మాత్రం చెయ్యెత్తి జవాబు చెప్పడం మానేసింది. ఉగాది దాటాక తల్లిదండ్రులు వచ్చి వెంట తీసుకుపోయారు, నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు పెంకు వెతకనక్కర్లేదు, పేరు గీకనక్కర్లేదు, గడప ముందుకొచ్చి అడిగే అవ్వకు జవాబు చెప్పనక్కర్లేదు. పడుకున్నచోటే వేలు తగిలిస్తే చాలు. అద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ గ్రూపులో రాశాను: “తీసేస్తే, మళ్ళీ ఎన్నాళ్ళకు చేర్చుకుందాం?”

అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ‘తీసేయాలి’ పక్కన అంకె మాత్రం పెరుగుతూనే ఉంది.