నల్లమందు చెంచా

తివాచీలు నేసే సిరాజుద్దీన్‌కి గొంతులో రాచపుండు లేచాక ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయి ఆయన మూలుగు మిగిలింది. భార్య హలీమా పొద్దున్నే తడిగుడ్డతో ఆయన పెదవులు తుడిచేది, గడ్డం దువ్వేది. డాక్టరుగారు చెప్పినట్టే నల్లమందు పెసరగింజంత గిల్లి, నీళ్ళలో కలిపి చెంచాతో పోసేది. గుటక దిగేదాకా తనూ ఊపిరి బిగబట్టేది. తరవాత ఆ వేళ్ళు కొంగుకి పదేపదే తుడుచుకునేది.

ఒక మధ్యాహ్నం ఆయన, "ఉన్నదంతా ఒకేసారి పొయ్యవే, నిద్రపోతాను" అన్నాడు. ఆమె ఉన్నపళాన కాలవ అవతలున్న డాక్టరు పట్టాభిరామయ్యగారి దగ్గరికి వెళ్ళింది.

"ఇక బాగుపడరని మీరే అన్నారు కదండీ. ఆయన అడిగింది ఇస్తే తప్పంటారా?"

డాక్టరు మందులపెట్టె మూత వేశాడు. "నొప్పి తగ్గడానికి ఎంతైనా ఇస్తానమ్మా. ప్రాణం పోవడానికిస్తే చట్టం హత్యే అంటుంది. నా మనసేమంటుందో అడక్కమ్మా."

ఇంటికొచ్చి హలీమా నల్లమందు ఉండ మొత్తం గిన్నెలో కరిగించింది. చెంచా ఆయన నోటిదాకా తెచ్చింది. చెయ్యి వణికి మందు గడ్డం మీద ఒలికింది. సిరాజుద్దీన్ ఆ చేతిని చూసి మెల్లగా పక్కకి నెట్టాడు.

"వద్దులే హలీమా. నేను పోయాక నువ్వు ఈ చేత్తోనే అన్నం తినాలి."

ఆ తరవాత పోవడానికి ఆయనకి నెల్లాళ్ళు పట్టింది. చివర్లో అరవడానికి గొంతు కూడా లేదు. పలకరించడానికొచ్చినవాళ్ళు, ఎంత సేవ చేశావమ్మా అన్నారు. ఆమె తల వంచుకుని ఏడ్చింది. పొయ్యబోయినందుకా, పొయ్యలేకపోయినందుకా అన్నది ఆమెకే తెలియలేదు.