కాలువ గట్టు మీద తగ్గిన గాలి

వర్ని దగ్గరి ఊరి నుంచి ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని నా షాపుకు వచ్చి, తమ కారుకు దమ్ము లేస్తున్నదని, ఆయాసం వస్తున్నదని చెప్పింది. కంప్యూటరున్న డీజిల్ కార్లు నిజామాబాద్ వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. బోధన్ రోడ్డు పక్కన కార్ల కరెంటు పనులు చేసుకునే నేను కొత్తగా స్కానర్ కొన్న పొగరు మీదున్నాను. ఇంజన్ గుట్టంతా ఆ డబ్బా తెర మీద కనబడుతుంటే ఇలాంటి మాటలకు నవ్వొచ్చేది.

కొడుకు తల వంచుకుని సంగతి చెప్పాడు. కారు మామూలుగా బాగానే ఉంటుంది. పొద్దున పూట కాలువ గట్టు రోడ్డెక్కితే మాత్రం గుంజదు, ఆయాసపడుతుంది. వానాకాలంలో వాళ్ళ నాయనను ఇదే కార్లో బోధన్ దవాఖానకు తీసుకుపోతుంటే కారు ఇలాగే నెమ్మదించింది, అదే గట్టు మీద ఆయనకు ఊపిరి ఆగిపోయింది. కారు అమ్మేద్దామని కొడుకు, వద్దని తల్లి.

"ఆయన అండ్లనే ఉన్నడు బిడ్డా. ఉన్నడంటే అమ్మనియ్య. లేడని నువ్వు సూసి చెప్తే అమ్ముకోనిస్త," అన్నదామె.

చచ్చి కూడా డీజిల్ వాసన పీల్చుకుంటూ కూర్చోవడానికి దయ్యాలకు వేరే పని లేదా అనుకున్నాను. స్కానర్ పెట్టాను. తప్పేమీ లేదంది. ఎండలో తోలి చూస్తే కారు గుర్రంలా పోయింది. నాకు మండింది. మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కి వాళ్ళ ఊరికే పోయాను.

మంచు దట్టంగా ఉంది. గట్టుకు ఒకవైపు కాలువ, ఇంకోవైపు నీళ్ళు పెట్టిన మడులు, ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కొడుకు తోలుతున్నాడు, ఆమె వెనక కూర్చుంది. నేను స్కానర్ ఒళ్ళో పెట్టుకుని బయటి గాలి ఒత్తిడి అంకె చూస్తున్నాను. దాన్ని కొలవడానికి ఆ కార్లో ఒక సెన్సర్ ఉంటుంది. ఎత్తైన కొండల మీద గాలి పలచబడుతుంది కదా, అప్పుడు అది చెబితే కంప్యూటర్ డీజిల్ తగ్గిస్తుంది. మా వైపు ఆ అంకె తొంభై ఆరు దగ్గర ఉండాలి.

గట్టెక్కాక అది తొంభైకి దిగింది. తర్వాత ఎనభై. చూస్తుండగానే అరవై. మంచుకొండల మీద ఉండే గాలి అది. కారు మూలిగింది. వెనక నుంచి ఇంకో ఊపిరి వినబడింది, కారుతో పాటే ఎగసి, కారుతో పాటే ఆగుతూ. ఆమెదే.

"ఇగో, ఈన్నే ఆయన దమ్ము ఆగింది," అన్నదామె.

అంకె పడిపోయిన సంగతి నేనింకా వాళ్ళకు చెప్పనే లేదు. నాకూ గాలి చాలనట్టయి అద్దం దించాను. భయపడ్డాను, అందులో దాపరికమేముంది.

"ఆపు తమ్మీ," అన్నాను. ఇంజన్ బందు చేయించి తాళం మాత్రం ఆన్‌లో ఉంచాను. ఇంజన్ ఆగితే లోపలికి పీల్చే గొట్టంలో ఉన్నదీ బయటి గాలే. అక్కడుండే ఇంకో సెన్సర్ తొంభై ఆరు అంటోంది, ఇది అరవై అంటోంది. ఒకే గాలికి రెండు అంకెలంటే ఒకటి అబద్ధం. అది తెలిశాక కొంచెం ధైర్యం వచ్చింది.

మీటర్ పెట్టి చూస్తే సెన్సర్ దగ్గర వోల్టేజి సరిగ్గానే ఉంది. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోతోంది. సెన్సర్ మంచిదే, దారిలో వైరే తినేస్తోంది. డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పెట్టి వైర్ల వెంట తడుముతూ పోయాను. వేళ్ళకు మెత్తగా, చల్లగా, తడిగా ఏదో తగిలింది. చెయ్యి గుంజుకున్నాను.

మళ్ళీ పెట్టి బయటికి తీస్తే నల్లగుడ్డ మూట. అందులో గల్లుప్పు, ఎండు మిరపకాయలు. వైర్లకు గట్టిగా కట్టి ఉంది. ఎవరో ఎప్పుడో జాయింటేసి టేపు చుట్టిన చోటే అది.

"నేనే కట్టిన," అన్నదామె. "ఆయనకు దమ్ము మొదలైనప్పుడు. దిష్టి తగిలిందన్నరు."

దొరికిందన్న సంబరంలో నా నోరు ఊరుకోలేదు. "ఉప్పు తేమను గుంజుతదవ్వా. చెమ్మ పడితే కరిగి జాయింట్లకు దిగుతది. కరెంటు కారిపోతది, గాలి లేదనుకొని కంప్యూటర్ బండిని గుంజనియ్యది. ఎండెక్కితే ఆరుతది, మళ్ళ మంచిగైతది."

కొడుకు స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఆమె నా చేతిలోని మూటను చూస్తోంది.

"వానలల్ల గూడ గుంజుతదా?" అని అడిగింది.

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చెప్పానో. కార్లో ఆయన ఉన్నాడని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేదనిపించింది.

"ఇది మొన్నటి మంచుకు అయిందే అవ్వా," అన్నాను. టేపు కింది రాగి తీగ మీద చిలుం పొరలు పొరలుగా ఉంది, నెలల నాటిది. దాన్ని అరచేతిలో మూసుకున్నాను.

పాడైన ముక్క కోసేసి, కొత్త వైరు కలిపి, కారును వెనక్కి తిప్పించి గట్టు మొదటి నుంచి మళ్ళీ తోలించాను. మంచు అలాగే ఉంది. కారు ఎక్కడా ఆగలేదు, మూలగలేదు. ఆమె చూపించిన చోటు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. గట్టు అయిపోయి రోడ్డు బోధన్ వైపు తిరిగింది.

"గింత జల్దీ దాటచ్చా గిదంత," అన్నదామె, ఎవరితోనూ కాదు.

నేను స్కానర్ వైపే చూస్తూ కూర్చున్నాను. తొంభై ఆరు మీద అంకె కదలలేదు.