గోగుతోటకి దారి మూసిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, పోయిన వానల్లో, ఈ బర్మాలో మా తన్లిన్ ఊళ్లో నా గోగుతోట నా కళ్లముందే చచ్చిపోతుంటే నేనెంత ఏడ్చానో మా ఆయనకి తెలుసు, పక్కమడిలో ఉండే బర్మా పెద్దావిడ డా ఖిన్‌కి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే నేను ఏడిస్తే మైకు అక్కర్లేదు!

గోగంటే మాకు ఆకు బజారుకి, కర్ర నారకి, అదే మా కూడు. మడి మాత్రం కౌలుది. ఈసారీ పంట పోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి ఊ టున్ ముందే చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే మొదలుకుళ్లు తెగులు పట్టుకుంది! పొద్దున పచ్చగా నిలబడ్డ మొక్క సాయంత్రానికి తల వేలాడేస్తుంది, పీకి చూస్తే మొదలంతా నల్లగా మెత్తగా, దానిమీద తెల్లటి బూజు. మందు కొడితే వాన కడిగేసింది.

చిన్నప్పుడే బడికి దండం పెట్టి వచ్చేసినదాన్ని, నాకు తెలిసిన మందు ఇంకేముంది, ప్రార్థన! మన సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పాను. మన సంఘం ప్రేమ మీకు తెలిసిందే, ఒకరికి జలుబు చేస్తే అందరూ తుమ్ముతారు. ఆదివారం ఆరాధన అవగానే సేక్కాన్ నుంచీ మింగళాడోన్ నుంచీ బస్సులెక్కి వచ్చేశారు, చెప్పులు విప్పి ఆ బురదలో దిగారు, జబ్బు మొక్కల మీద చేతులుంచి ప్రార్థించారు, అవే కాళ్లతో అవే చేతులతో మంచి మొక్కల దగ్గరికెళ్లి వాటికీ ప్రార్థించారు. వారం తిరిగేసరికి వాళ్లు నడిచిన వరసలే వాలిపోయాయి! నేను భయపడిపోయి ఇంకా ఎక్కువమందిని పిలిచాను.

మా ఆయన ఊరుకుంటాడా, "ఏటే, మీవోళ్లు మొక్కల్ని బతికిత్తన్నారా, సాగనంపుతన్నారా?" అన్నాడు. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. గట్టు మీద ఒక్కదాన్నే కూలబడి, "తండ్రీ, నాకు పెద్ద మాటలు రావు, ఈ తోటలోకి కీడు ఏ దారిన వస్తన్నాదో ఆ దారి నువ్వే మూసీ" అని అడిగాను.

విన్నాడండీ! విని ఏం చేశాడు, కుంభవృష్టి కురిపించి కాలువ మీద చెక్క వంతెన కొట్టుకుపోయేలా చేశాడు! మా ఇల్లు తోటవైపే కాబట్టి నేను ఇవతల, సంఘమంతా అవతల. "దారి మూయమంటే నీ బిడ్డల దారే మూస్తావా?" అని దేవుడితో దెబ్బలాడాను కూడా. పాపం వాళ్లు అవతలి గట్టునుంచే గొంతులు చించుకుని ప్రార్థించి వెళ్లారు. వారం గడిచింది, కొత్తగా ఒక్క మొక్క వాలలేదు!

అప్పుడు డా ఖిన్ మెల్లగా వచ్చి, "మ కాంతం" అని వాళ్ల బర్మా వరసలో, అంటే అమ్మాయి కాంతం అని పిలిచి, "ఏమనుకోకు, ఈ తెగులు కాళ్లకంటిన బురదతోనే మడి దాటుతుంది" అంది. ముందే చెప్పొచ్చు కదమ్మా అంటే, "దండం పెట్టుకునేవాళ్లని బయటికి పొమ్మని ఏ నోటితో అనను?" అంది. ఇద్దరం నవ్వలేక చచ్చాం! ఆమె చెప్పినట్టే వాలిన మొక్కలు పీకి దూరంగా కాల్చాం, నీళ్లు నిలవకుండా బోదెలు తీశాం. సగం తోట పోయింది, సగం తోట దేవుడు నిలబెట్టాడు. ఊ టున్ వచ్చి చూసి, "వచ్చే వానలకీ నువ్వే వేసుకో" అన్నాడు. దేవునికే మహిమ!

దేవుడు మన మాట వినలేదనుకున్న రోజే ఆయన పని మొదలెట్టేసి ఉంటాడు, నమ్మండి, అడగండి, తిట్టేముందు ఒక్క వారం ఆగండి. వంతెన మళ్లీ వేశాం, మీరంతా రావాలి, నా తోటకి మీ ప్రార్థన ఇప్పటికీ కావాలి. గట్టు మీద బకెట్టుతో నీళ్లు పెట్టాను. ముందు కాళ్లు కడుక్కోండి, ఆ తరవాతే ఆమేన్!