గోనె సంచి బరువు

పద్నాలుగేళ్లుగా ఒక కిలో బరువు మోస్తున్నాను. కిలోనే. మీకు నవ్వు రావచ్చు. ఆర్మూరు మార్కెట్ యార్డులో రోజుకు వందల బస్తాల పసుపు తూచినవాణ్ణి, కిలో నాకొక లెక్కా? ఒక కిలో అంటే ఖాళీ గోనె సంచి. మడిచి చంకలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. కానీ దీన్ని దించుకోవడానికి నాకు చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పగలిగే ధైర్యం ఉంటే ఏనాడో చెప్పేవాణ్ణి.

లింబాద్రి పేరు మా ఊళ్లో ముసలివాళ్లకూ తెలుసు. బాక్సింగ్‌లో నాలుగు బరువుల్లో రాష్ట్ర ఛాంపియన్. నలభై ఎనిమిది కిలోలు, యాభై నాలుగు, యాభై ఏడు, అరవై. మీరు గమనించారో లేదో, మధ్యలో యాభై ఒకటి లేదు. ఊళ్లో ఎవరూ గమనించలేదు. ఆ వరుస ఎవరు చదివినా నా చెవి మాత్రం అక్కడే ఆగిపోతుంది. ఆ యాభై ఒకటిని తీసేసింది నేను.

మాది ఒకే వాడ, ఒకే బడి. మిలిటరీలో చేసి వచ్చిన డ్రిల్ సారు మా ఇద్దరికీ ఒకే రోజు చేతులకు గుడ్డలు చుట్టాడు. పంట లేని నెలల్లో ఖాళీగా ఉండే పసుపు గోదాములో గోనె సంచిలో చింపిరి గుడ్డలు కుక్కి వేలాడదీసేవాళ్లం. దాన్ని కొడితే పసుపు దుమ్ము లేచేది. లింబాద్రి చేతులు వేగం. నా చేతులకు ఆశ మాత్రమే ఉండేది. అతను నలభై ఎనిమిది కిలోల్లో మొదటిసారి గెలిచి వచ్చిన రోజు హమాలీలు పసుపు కొమ్ములు దారానికి గుచ్చి దండ వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. సంతోషపడ్డాను కూడా, అబద్ధం కాదు. కానీ ఇంటికి పోయి అద్దంలో చూసుకుని, నా మెడలో ఆ దండ ఎలా ఉంటుందా అని కూడా అనుకున్నాను.

లింబాద్రికి తల్లి లేదు. పెంచింది గంగామణి అక్క. అతనికంటే పదేళ్లు పెద్దది. బాల్కొండలో పెళ్లి చేశారు. భర్త దుబాయి పోతే, తమ్ముడు ఒంటరివాడని మళ్లీ పుట్టింటికే వచ్చేసింది. యార్డులో పసుపు ఏరే పని. కొమ్ములు ఒకవైపు, దుంపలు ఒకవైపు. ఆమె అరచేతులు ఏ పండుగకూ తెల్లబడలేదు. ఆ చేతులతోనే జొన్నరొట్టె కొట్టి తమ్ముడికి పెట్టేది. నేను ఆ గడపలో ఉంటే నాకూ ఒకటి పెట్టేది. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను. ఎందుకు దాటేయాలి? తిన్నాను కదా.

ఇప్పుడు కాంటా సంగతి చెప్పాలి. అప్పటికి నేను యార్డులో కాంటా మీద పనిచేస్తున్నాను. బస్తాను బల్ల మీద పెడితే పైన ఇనుప దండె మీద అంకెలు చూసి బరువు చెప్పాలి. పసుపు బరువులో సంచి బరువు కలవకూడదు కదా. అందుకని పొద్దున్నే ఖాళీ సంచి ఒకటి బల్ల మీద వేసి, దండె చివరనున్న చిన్న ఇనుప గుండును మర తిప్పి, దండె సమంగా నిలిచేదాకా జరుపుతాం. ఇక ఆ రోజంతా సంచి బరువు దానంతట అదే పోతుంది. కానీ సంచి లేకుండా మనిషి ఎక్కితే? ఆ గుండును మళ్లీ వెనక్కి తిప్పాలి. లేకపోతే మనిషి ఒక కిలో తక్కువ తూగుతాడు. లేని సంచిని మనిషిలోంచి తీసేసినట్టు అవుతుంది.

ఊళ్లో మా కాంటాకు మించిన నమ్మకమైన కాంటా లేదు. లింబాద్రి బరువు చూసుకునేది అక్కడే.

ఆ ఏడాది అతను యాభై ఒక కిలోల్లోకి ఎదిగాడు. నేనూ ఆ బరువే. జిల్లా ఎంపికలో నన్ను రెండు రౌండ్లలో ఓడించాడు. ఒక్కో బరువుకు ఒక్కడే. హైదరాబాదులో రాష్ట్ర పోటీలకు అతను, అతనికి ఏమైనా అయితే నిలబడడానికి అదనపు మనిషిగా నేను. ఏమైనా అయితే. ఆ మాట పట్టుకుని ఎన్ని రోజులు తిరిగానో మీకు చెప్పలేను.

అది పసుపు సీజను. బస్తాకూ బస్తాకూ మధ్య లింబాద్రి పరుగున వచ్చి ఎక్కేవాడు. నేను చూసి చెప్పేవాణ్ణి. గుండు తిప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. అది తప్పు కాదు, పొరపాటు. దానికి నన్ను ఎవరూ శిక్షించనక్కర్లేదు. కానీ ప్రయాణానికి నాలుగు రోజుల ముందు అతను బల్ల దిగి చొక్కా తొడుక్కుంటున్నాడు. యాభై ఒకటి సరిగ్గా వచ్చిందని సంబరంగా ఉన్నాడు. అంకె సున్నాకు జరిపాక, బల్ల ఖాళీగా ఉంటే దండె సమంగా నిలబడాలి. అది కిందికి వాలి ఉంది. కాంటా మీద బతికేవాడికి ఒక్క చూపు చాలు. సంచి బరువు అందులోనే ఉంది. అతను యాభై రెండు.

నాలుగు రోజులున్నాయి. కిలో తగ్గడం అతనికి పెద్ద పని కాదు. రెండు పూటలు అన్నం మానేసి, దుప్పటి కప్పుకుని పక్కనున్న పెర్కిట్ ఊరిదాకా పరుగెత్తి వస్తే చాలు. నోరు తెరవాలి, అంతే. నేను తెరవలేదు.

రేపు చెబుదాం అనుకున్నానా? అనుకున్నాననే నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అయితే ఇది కూడా వినండి, ఇన్నేళ్లలో నన్ను నేను సమర్థించుకోబోయిన ప్రతిసారీ నా నోరు మూయించింది ఇదే: మర్నాడు యార్డులో జనం పలచబడ్డాక నేను నా బరువు చూసుకున్నాను, నా కోసం మాత్రం గుండు వెనక్కి తిప్పి దండె సమం చేసుకుని మరీ ఎక్కాను, దిగి మళ్లీ గుండును సంచి దగ్గరికే తిప్పి పెట్టాను. బస్తాల తూకానికి అది అక్కడే ఉండాలి కదా అని పైకి గొణుక్కున్నాను కూడా. ఎవరు వింటున్నారని?

ఆ తర్వాత అతను రెండుసార్లు ఎక్కాడు. రెండుసార్లూ యాభై ఒకటి అని చెప్పాను.

బస్సెక్కే రోజు సాయంత్రం లింబాద్రికి కొంచెం దగ్గు వచ్చింది. అక్క గ్లాసెడు పసుపు పాలు కాచి ఇచ్చింది. వద్దంటూనే తాగాడు. నేను గడపలో సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాను.

హైదరాబాదులో బరువు చూసే బల్ల మీద యాభై ఒక కిలోల తొమ్మిది వందల గ్రాములు. డ్రిల్ సారు ముఖం నల్లబడింది. గంట సమయం ఇచ్చారు. ఎండలో రెండు దుప్పట్లు కప్పుకుని పరుగెత్తాడు, తువ్వాలులోకి ఉమ్మాడు, చివరికి కూలబడ్డాడు. మూడు వందల గ్రాములు తగ్గింది. నేను పక్కన నీళ్ల బకెట్టు పట్టుకుని ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉంటే ఏం లాభం, అంటారేమో. లాభం ఉంది. తప్పు ఎవరిదో అప్పుడే తేలిపోయేది. సారు ఏం తిన్నావురా అని అరిస్తే, లింబాద్రి రొప్పుతూ అన్నాడు, అక్క పాలు తాగించింది సార్ అని.

మా జిల్లాకు యాభై నాలుగు కిలోల మనిషి జ్వరంతో రాలేదు. లింబాద్రిని అందులో నిలబెట్టారు. తనకంటే పెద్ద ఒళ్లున్నవాళ్లను ఇద్దరిని ఓడించాడు. ఫైనల్లో ఒక దెబ్బ ఎడమ చెవి మీద పడింది. కర్ణభేరి చిరిగింది, ఆట పోయింది. ఆ చెవి మళ్లీ వినలేదు. అతని చోట యాభై ఒకటిలో నిలబడ్డ నేను మొదటి ఆటలోనే ఓడిపోయాను. రెండో రౌండు కూడా పూర్తి కాలేదు. దీనికోసమా?

తిరిగి వచ్చాక గడపలోనే అక్కతో అన్నాడట, నీ చేతి తిండి ఇక ముట్టనని. కోపంలో అన్న మాటే. కానీ లింబాద్రి పట్టు మీకు తెలియదు. హోటల్లో తిన్నాడు, డ్రిల్ సారు ఇంట్లో తిన్నాడు. అక్క వండిన గిన్నె మూత తీయలేదు. అతనిది కసి కాదు, భయం. ఈ చేతి తిండి తింటే నా బరువు చెడిపోతుందన్న భయం. ఆ భయం పెట్టింది నేను.

వారం తర్వాత, మధ్యాహ్నం పూట, గంగామణి అక్క కాంటా దగ్గరికి వచ్చింది. చేతిలో గ్లాసు. నిండా పసుపు పాలు. కొంగుతో మూసి పట్టుకుని ఏరే షెడ్డు నుంచి నడిచి వచ్చింది. బల్ల మీద నడిమధ్యలో పెట్టింది.

“తమ్మీ, గిది జోకి చెప్పు.”

వందల కిలోలు తూచే బల్ల మీద ఆ గ్లాసు అలా ఉంది. దండె కదలలేదు.

“గింత చిన్నది గీ కాంటకు తెల్వది అక్కా.”

“మరి గీ గిలాసెడు పాలతోని కిలో బరువు పెరిగిన అంటుండు వాడు. పెరుగుతదా? నువ్వు కాంట మనిషివి. నువ్వేమంటే నేనదే నమ్ముత.”

ఆమె నన్ను అనుమానించి రాలేదు. ఊళ్లో బరువు గురించి తెలిసినవాడు నేనొక్కణ్ణే అని వచ్చింది.

“పెరుగుతది అక్కా. పసుపు పాలు గదా, ఒంట్ల నీళ్లు పట్టిస్తది.”

ఆమె గ్లాసు మీద మళ్లీ కొంగు కప్పింది.

“గట్లనా. అయితే వాడు జూటా చెప్తలేడు. నేనే వాన్ని ఆగం చేసిన.” గ్లాసు తీసి నా వైపు చాపింది. “పారబోయ మనసొప్పుత లేదు. నువ్వు తాగు బిడ్డా.”

తాగాను. ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను. ఖాళీ గ్లాసు తీసుకుని ఆమె షెడ్డులోకి పోయి మళ్లీ కొమ్ములు ఏరడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడాది నుంచి లింబాద్రి గెలుస్తూనే పోయాడు. యాభై నాలుగు, తర్వాత యాభై ఏడు. ఆటల కోటాలో ఉద్యోగం వచ్చి ఊరు వదిలాడు. రాఖీకి మాత్రం వచ్చేవాడు. అక్కతో కట్టించుకునేవాడు, కాళ్లకు మొక్కేవాడు. ఆమె నోటికి అందించబోయిన లడ్డూను చేత్తో తీసుకుని జేబులో వేసుకునేవాడు. బయటికొచ్చి నా చేతిలో పెట్టేవాడు, నాకు బరువైతది, నువ్వు తినరా అని. ప్రతి ఏడూ ఆ లడ్డూ నేనే తిన్నాను. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాడని తిన్నాను.

అరవై కిలోల్లో గెలిచినప్పుడు ఊరు ఊరంతా కదిలింది. యార్డులో మా కాంటా మీదే అతన్ని తూచి, అంత ఎత్తు పసుపు గుడికి ఇస్తామన్నారు. తూచింది నేను. ఆ రోజు గుండు సరిగ్గా తిప్పాను, రెండుసార్లు చూసుకున్నాను. లింబాద్రి మైకు తీసుకుని, నా బరువు ఎప్పుడూ నిజం చెప్పింది గీ కాంటనే అన్నాడు. జనం చప్పట్లు. దూరంగా షెడ్డు గోడ దగ్గర పసుపు చేతులతో అక్క కూడా చప్పట్లు కొడుతోంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. చీలదు కదా. అందరూ పోయాక బల్ల కడిగాను.

ఆ తర్వాత నేను లింబాద్రిని తప్పించుకుని తిరగడం మొదలుపెట్టాను. నాకున్న స్నేహితుడు అతనొక్కడే. అతను లేకపోతే ఇక ఎవరూ లేరు. పెళ్లి చేసుకున్నాను, ఆమెకూ చెప్పలేదు. మనిషి మాట్లాడడం తగ్గిస్తే చుట్టూ ఉన్నవాళ్లు దానికి అలవాటు పడిపోతారు. ఇంట్లో పాలు కాగే వాసన వస్తే బయటికి పోతాను. ఆయనకు పాలు పడవు అని నా భార్య అందరికీ చెబుతుంది.

గంగామణి అక్క రెండేళ్ల కిందట పోయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయని దవాఖానాలో అన్నారు. పసుపు దుమ్ము. చివరి రోజుల్లో లింబాద్రి వచ్చి పక్కనే కూర్చున్నాడు. తనే చెంచాతో జావ తాగించాడు. ఆమె అతనికి ఏమీ పెట్టే స్థితిలో లేదు.

పదో రోజు భోజనాలయ్యాక అతను అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. విస్తరి ముందు కూర్చున్నాడు గానీ మెతుకు ముట్టలేదు. ఆ తర్వాత ఒక్కసారైనా అక్క చేతి పాలు తాగి ఉంటే ఏం పోయేదిరా అన్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చెప్పాను. ఆ ఏడు కాంటా తప్పు, సంచి బరువు తీయలేదు, నాకు ముందే తెలుసు, అక్క తప్పు లేదు, అని మొత్తం చెప్పాను. చిన్న గొంతుతో, కానీ చెప్పాను.

అతను తిరిగి చూసి, కుడి పక్కన అరుగు మీద చేత్తో తట్టాడు.

“ఏమన్నవ్ రా? గీ దిక్కు కూసో. గా చెవు వినది గదా.”

ఎండ మండుతోందన్నానని చెప్పాను.

ఎడమ పక్కన కూర్చున్నది మరిచిపోయి కాదు. ఆ చెవి వినదని ఊళ్లో అందరికంటే నాకు బాగా తెలుసు.

ఇప్పుడు యార్డులో కరెంటు కాంటాలు వచ్చాయి. అంకెలు ఎర్రగా వెలుగుతాయి. మా పాత కాంటాను షెడ్డు మూలన పడేశారు. మొన్న పోయి గుండు తిప్పి చూశాను. తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

ఈ కాగితం చదివి మీరు నన్ను క్షమిస్తారని రాయడం లేదు. మీకు ఆ హక్కు లేదు. హక్కున్న ఇద్దరిలో ఒక మనిషి లేదు, ఉన్న మనిషికి నేను వినబడేలా చెప్పలేదు. రేపు అతని కుడి పక్కన కూర్చుంటానో లేదో కూడా మాట ఇవ్వలేను. ఇచ్చిన మాటల మీద నాకే నమ్మకం లేదు. కానీ కాంటా దగ్గర నిలబడి ఒక మనిషి అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు చెప్పాను. ఇన్నేళ్లకు ఒక్కచోటైనా సరైన జవాబు ఉండాలని ఇది రాశాను.

పెరగదు అక్కా. గిలాసెడు పాలకు కిలో పెరగదు.